మోగని గూడు

శుద్ధ తదియ

నీళ్ళ మీద తేలే ఈ తెప్పపేటకి వచ్చాక నా కడుపు ఇంకా కుదుటపడలేదు. ఇల్లు ఊగుతుంది, మంచం ఊగుతుంది, పొయ్యి మీద అన్నం గిన్నె ఊగుతుంది. ఇంటావిడ పళ్ళాలమ్మ మాత్రం ఆ ఊగే చెక్కల మీదే బిందె చంకనెత్తుకుని గబగబా నడిచిపోతుంది. అరవై దాటిన మనిషి. పగలంతా పడవ నడిపి, ఇంటికొచ్చి నాకు వండిపెట్టి, ‘ఇంకొంచెం కలుపుకోండి మేడంగారండి’ అంటుంది. కలుపుకుంటే కక్కుతానని ఎలా చెప్పను?

ఇక్కడ ఎవరినడిగినా తారీఖు చెప్పరు, తిథి చెబుతారు. నీళ్ళు తిథిని బట్టి నడుస్తాయి, మనుషులు నీళ్ళని బట్టి నడుస్తారు. సరే, ఊరితోపాటే మనమూ అని నేనూ ఈ డైరీలో తిథులే రాస్తున్నాను.

వచ్చిన పని చిన్నదే. ఇక్కడి పడవలవాళ్ళకి పలకల్లో, తమలో తాము మాటలు రాసుకునే ‘ఉప్పుటేరు గూడు’ అని ఒకటి ఉంది. దాని మోత కొలవాలి. ముందు ఒక గింజ వేస్తాను. గింజ అంటే మా ధ్వని శాఖ తయారుచేసి ఇచ్చిన చిన్న కల్ల వార్త, ఎవరికీ హాని చెయ్యనిది. దాన్ని ఎంతమంది తిరిగి చెప్పారో, ఎన్ని గూళ్ళకి మోసుకెళ్ళారో నా మోతపలక లెక్కవేస్తుంది. మోత బాగుంటే ఆ గూటికి సొంత దారి ఉంటుంది. లేకపోతే అమావాస్య నాటికి దారి తీసేసి సంతలో కలిపేస్తారు. సంత సంగతి అందరికీ తెలిసిందే. పెళ్ళి బొమ్మలు, వంటలు, తిట్లు, జోకులు, మందుల ప్రకటనలు, లోకమంతా ఒకచోట చేరి అరుస్తూ ఉంటుంది.

పోయిన నెల మెట్ట మీద అత్తగార్ల గూటిలో ‘పాత చింతపండు నానబెట్టి తాగితే మోకాళ్ళ నొప్పి పోతుందట’ అని వేశాను. సాయంత్రానికల్లా మా అత్తగారే నాకు ఫోన్ చేసి ఆ వైద్యం చెప్పింది. గూడంటే అలా ఉండాలి.

పంచమి

మొదటి గింజ వేశాను: ‘లంకమొనలో గులాబి రంగు కొంగలు దిగాయి.’

మోత సున్నా.

నేను ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. చచ్చుపడిపోయిన గూళ్ళలో కూడా ఎవడో ఒకడు దండం బొమ్మైనా పెడతాడు. ఇక్కడ అదీ లేదు. గూడు ఖాళీగా ఉందేమో అనుకుని చూస్తే నాలుగు వందల మంది పైనే ఉన్నారు, అందరూ చదివారు. చదివి ఊరుకున్నారు. పొద్దున ఆ గూట్లో కనిపించిన మాట ఒకే ఒక్కటి: ‘మూడో స్తంభం దగ్గర దుంగ తేలుతోంది. చూశాను.’ దానికి కూడా ఎవరూ బదులు చెప్పలేదు.

అన్నం తినేటప్పుడు ఉండబట్టలేక అడిగాను, "పళ్ళాలమ్మగారూ, కొంగలు దిగాయట, చూశారా?"

"కొంగల్ని ఏం చేసుకుంటామండి, తింటామా ఏంటి," అని పులుసు వడ్డించింది.

సప్తమి

నిజమే, పడవలవాళ్ళకి కొంగలెందుకు? పనికొచ్చే గింజ వెయ్యాలి. శాఖ ఇచ్చినవాటిలోంచి ఏరి ఇది వేశాను: ‘మునిగిన చర్చి గోపురం దగ్గర చందువా చేపల గుంపు పడింది.’ చందువా అంటే ఇక్కడ బంగారమే. దీనికి కూడా మోగకపోతే నా పేరు వీరవేణి కాదు అనుకున్నాను.

సున్నా.

ఈసారి నిజంగానే ఒళ్ళు మండింది. ఒక మాట అంటే ఎవడి సొమ్ము పోయిందని? ‘అవునా’ అనడానికి కూడా నోరు రాదా? సొంత దారి పోతే ఏడ్చేది వాళ్ళే. రేపు ఏ అర్ధరాత్రి గాలివానలోనో ‘నా పడవ మునుగుతోంది’ అని ఎవడైనా సంతలో చెప్పుకుంటే, అది ఎవరి కూతురి ఓణీల వేడుక బొమ్మల కిందో పడి కొట్టుకుపోతుంది. వీళ్ళ బాగు కోరి నేను గింగిరాలు తిరుగుతుంటే, వీళ్ళకి చీమ కుట్టినట్టయినా లేదు.

ఇంకో సంగతి గమనించాను. పొద్దుట నన్ను చూసి నవ్వే రేవులోని ఐసు బండివాడు సాయంత్రం తల తిప్పుకున్నాడు. ఎండకి చిరాకనుకున్నాను.

ఏకాదశి

మూడో గింజ కూడా పోయింది. ఏం వేశానో రాయడం కూడా దండగ. సున్నా పక్కన సున్నా, దాని పక్కన సున్నా.

పళ్ళాలమ్మ వల బాగుచేసుకుంటుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. నేను శాఖ మనిషినని ఆవిడకి తెలుసు గానీ నా పని ఎలా చేస్తానో తెలియదు. దాచి లాభం లేదని అంతా చెప్పేశాను, సంతలో కలిపేసే సంగతితో సహా. ఆవిడ చేతిలో సూది ఆగిపోయింది.

"అయితే ఆ చందువా మాట మీరు చూసి చెప్పింది కాదాండి?"

"కాదు. అది గింజ."

"మా తోడికోడలు కొడుకు, అవతల పేటోళ్ళు, ఇంకా చాలామంది ఎల్లారండి ఆ గోపురం కాడికి. చమురు కాల్చుకుని ఖాళీ వలలతో వచ్చారు."

"మరి లేదని గూట్లో ఒక్కళ్ళూ చెప్పలేదేం?"

"అందర్లో ఒక మనిషిని అబద్ధాలకోరు అనడం బాగోదు కదండి. అనమండి. చెవి తీసేత్తాం, అంతే."

చెవి తీసెయ్యడమంటే ఏమిటో ఆవిడే వివరించింది. ఈ గూట్లో చూడనిది చెప్పకూడదు. ఒకరు చెప్పింది ఇంకొకరు మళ్ళీ చెప్పకూడదు. విన్నవాడు బదులివ్వడు, అవసరమైతే లేచి వెళతాడు, లేకపోతే ఊరుకుంటాడు. కల్ల చెప్పిన మనిషిని తిట్టరు, గెంటరు. ఆ మనిషి మాట చదువుతారు, లెక్కలోకి తీసుకోరు.

"బదులివ్వడానికి ఏం పోతుందండీ? ఒక్క మాట," అన్నాను.

"ఒకడు ‘సరే’ అంటే పదిమంది ‘సరే’ అంటారండి. అంతలో నీళ్ళలో ఉన్నోడి మాట అడుక్కి పోద్ది. గూడు ఖాళీగా ఉండాలండి. ఎప్పుడెవడికి అవసరమొత్తదో ఎవడికెరుక."

అంటే మూడో సున్నా గూటిది కాదు, నాది. రెండో సున్నాలో పడవలు కదిలాయి, నా పలకకి అది కనపడలేదు. నేను కొలిచిందంతా తప్పు. కానీ ఇదంతా ఏ గడిలో రాయను? శాఖ ఇచ్చిన నివేదికలో మోతకి ఒక గడి ఉంది, అంతే. సిగ్గుగానూ ఉంది, భయంగానూ ఉంది. ఈ నాలుగు వందల మంది దారి నా చేతుల్లో ఉంది.

త్రయోదశి

మా ఆయన ఫోన్. పేరు గంగరాజు, నీళ్ళంటే చచ్చేంత భయం. అలాంటి మనిషి పున్నమికి తెప్పపేట వస్తానంటాడు.

"పది రోజులై సరిగా తిండి లేదంటున్నావు, గొంతు చూస్తే నీరసంగా ఉంది. నేనొచ్చి నాలుగు రోజులుంటానే."

"నువ్వొచ్చి ఏం చేస్తావు? నీకూ నేనే బాల్చీ పట్టుకోవాలి."

"పట్టుకుందువులే, కొత్తా ఏంటి," అన్నాడు.

వద్దనే అన్నాను. కానీ ఫోన్ పెట్టేశాక మనసు తేలికైన మాట అబద్ధం కాదు. ఉసిరికాయ పచ్చడి తెమ్మని మళ్ళీ ఫోన్ చేసి చెప్పాను.

పున్నమి

ఇది ఇప్పుడే రాయాలి.

మా ఆయన సరంగు ఉన్న పడవ ఎక్కకుండా, చవకని, దానంతట అదే నడిచే అద్దె పడవ ఎక్కాడు. మధ్యాహ్నం వాన పట్టింది. పున్నమి పాటు, నీళ్ళు సముద్రంలోకి గుంజుకుపోయే వేళ. అప్పుడు ఫోన్ వచ్చింది.

"వేణీ, ఇది ఆగిపోయింది. ఎంత నొక్కినా కదలట్లేదు. పాత వంతెన స్తంభాలు దాటేశాను."

"ఎటు పోతోంది?"

"నాకేం తెలుసే? అన్నీ నీళ్ళే. అలలు పెద్దవవుతున్నాయి."

పాత వంతెన దాటితే మొగ. మొగ దాటితే సముద్రం. ఆ మాట ఆయనకి చెప్పలేదు. కొక్కెం ఏదైనా ఉంటే పట్టుకుని కూర్చోమన్నాను. పచ్చడి జాడీ ఒళ్ళో పెట్టుకున్నానన్నాడు. అంతలో మాట తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

రక్షణ కేంద్రానికి చేశాను. మీకంటే ముందు చాలామంది ఉన్నారు, వరుసలో ఉండమంది ఒక గొంతు. పళ్ళాలమ్మ ఇంట్లో లేదు, పొద్దుటే పడవ తీసుకెళ్ళింది. పేటలో పడవ నడిపేవాళ్ళెవరూ లేరు, నాకు తెడ్డు పట్టడం కూడా రాదు.

ఉప్పుటేరు గూట్లో రాశాను: ‘గంగరాజు అనే మనిషి పసుపు రంగు అద్దె పడవలో మొగ వైపు కొట్టుకుపోతున్నాడు. వంతెన స్తంభాలు దాటాడు. ఈత రాదు.’

ఏమీ లేదు. చదివినట్టు గుర్తులు మాత్రం ఒక్కొక్కటే పడుతున్నాయి. ఒక్క మాట లేదు. ‘ఈసారి నిజం’ అని రాయబోయి ఆగాను. కల్ల చెప్పేవాళ్ళందరూ అలాగే అంటారు.

చివరికి సంతలో కూడా పెట్టాను. ఇక చూడండి. దండాలు, కన్నీళ్ళు, ‘అయ్యో తల్లీ’లు, ‘దేవుడున్నాడు’లు. ఆయన బొమ్మ పెట్టమని ఒకడు. అద్దె పడవల మీద నిషేధం రావాలని ఇంకొకడు, వాడితో వాదనకి ఇంకో వంద మంది. ‘ఆయన ఆత్మకి శాంతి కలగాలి’ అని ఎవరో పుణ్యాత్ముడు అప్పుడే రాసేశాడు. ఒళ్ళో ఉన్న మోతపలక గంట మీద గంట కొట్టింది. ఈ ప్రాంతంలో ఇంతవరకూ ఏ వార్తకీ అంత మోత రాలేదని పలక మీద పచ్చగా వెలిగింది. ఆ మోతపలకని గోడకేసి కొట్టాను. లక్ష మంది ఏడుస్తున్నారు, ఒక్క పడవ లేదు.

చెక్కల చివర నిలబడి వానలో తడుస్తూ ఆ ఏటినే చూశాను. ఆయన లేకుండా మెట్ట మీద ఆ ఇంటి తలుపు ఎలా తీస్తానో ఆలోచిస్తున్నాను. అంతకంటే నీచమైన ఆలోచన ఇంకోటి వచ్చింది: నా నోటితో నేనే ఆయన్ని చంపుకున్నాను.

అప్పుడు చప్పుడు వినపడింది. ఒక ఇంజను కాదు. ఎగువ నుంచి, దిగువ నుంచి, పక్క కాలవల్లోంచి. వల సగం లాగినవాళ్ళు వల నీళ్ళలోనే వదిలేసి వస్తున్నారు. ఐసు బండివాడు ఐసు పెట్టెలతోనే పడవెక్కి వస్తున్నాడు. ఒక్కళ్ళూ నా వైపు చూడలేదు, ఏమీ అడగలేదు. అందరి ముక్కులూ మొగ వైపే. ఎన్ని పడవలో నాకు తెలియదు. కొలవడమే నా ఉద్యోగం, ఒక్కటి కూడా లెక్కపెట్టలేదు.

చీకటి పడకముందే తీసుకొచ్చారు. గొంగళి కప్పుకుని, ముక్కు చీదుకుంటూ, ఒళ్ళో జాడీతో. నేను చేసిన మొదటి పని తిట్టడం. చవక పడవ ఎక్కినందుకు, ఈత నేర్చుకోనందుకు, నన్ను చేసుకున్నందుకు కూడా తిట్టాను. తరువాత ఆయన భుజం పట్టుకుని బావురుమన్నాను. ఆయన నా వీపు నిమురుతూ, "జాడీ పగల్లేదు చూశావా," అన్నాడు.

ఇప్పుడు పక్క గదిలో గురక పెడుతున్నాడు. ఇన్నేళ్ళలో ఆ గురక నాకు ఇంత హాయిగా ఎప్పుడూ వినపడలేదు.

బహుళ పాడ్యమి

పొద్దున్నే పళ్ళాలమ్మ చేతులు పట్టుకున్నాను. "నా మాట నమ్మారు. చెవి తీసేసినా నమ్మారు. మీ రుణం తీర్చుకోలేను."

ఆవిడ చేతులు విడిపించుకుంది. "మీ మాట నమ్మి కాదండి. ఏమీ అనుకోకండి. నీళ్ళలో మనిషున్నాడంటే అబద్ధమైనా ఎల్లాలండి. ఒట్టి చేతుల్తో వత్తే వచ్చాం. అదొక్కదానికీ చెవి తీసెయ్యడం లేదండి మాకు."

"అయితే నా చెవి?"

"అది ఇంకా లేదండి," అని నెమ్మదిగా చెప్పింది. "ఒక పనికొచ్చే మాట చూసి చెప్పండి. అప్పుడు చూత్తారు."

కోపం రాలేదు, నవ్వొచ్చింది. ప్రాణం కాపాడతారట, మాట మాత్రం నమ్మరట. న్యాయమే.

నివేదిక పంపించాను. మోత గడిలో సున్నా వేసి, మిగతాదంతా కింద పొడుగ్గా రాశాను. వేసిన మాటని ఈ గూడు పెంచదు, మనుషుల్ని లేపుతుంది, దీన్ని మనం కొలవడం లేదు అని రాశాను.

చవితి

మా పై అధికారి దినకర్ గారు స్వయంగా దిగారు. మంచి మనిషే, అంకె లేనిదే అడుగు వెయ్యడు. రాగానే నన్ను మెచ్చుకున్నాడు, దేనికంటే సంతలో వచ్చిన మోతకి. "మీవారి వార్త అద్భుతంగా మోగిందండీ."

"ఆ మోతలో ఆయన మునిగిపోయేవాడండీ."

ఆయన ముఖం చిన్నబోయింది. తరువాత నా నివేదిక తెరిచాడు. "చూడండి, మీ బాధ నాకు అర్థమైంది. నాకు మాత్రం ఈ దారి తీసెయ్యాలని ఉందా? కానీ ఇది ప్రమాదం. ప్రమాదమంటే ఎవరైనా వస్తారు అంటారు పైవాళ్ళు. మామూలు రోజున, మామూలు మాటకి ఈ గూడు ఏం చేస్తుందో చూపించండి. రేపు పోటుకి నేను వెళ్ళిపోతాను."

మామూలు మాట. అది కూడా చూసినది, పనికొచ్చేది. నా మాట వినని గూట్లో. నేను నవ్వాలో ఏడవాలో తెలియక పేట బయటికి నడిచాను. సాయంత్రం నీళ్ళు తీసి ఉన్నాయి. రేవు మలుపు దాటాక, ఎప్పుడూ పడవలు తిరిగే చోట, నీళ్ళ కింద తెల్లగా ఏదో కనిపించింది. వాననీళ్ళు తెచ్చిపెట్టిన ఇసుక మేట. పోటులో కనపడదు, పైనుంచి వెళితే పడవ అడుగు పట్టేస్తుంది. నమ్మకం చాలక నేనే దిగి నిలబడ్డాను. నీళ్ళు మోకాళ్ళ దాకా కూడా లేవు.

ఒడ్డుకొచ్చి రాశాను: ‘రేవు మలుపు దాటాక ఎడమవైపు కొత్త ఇసుక మేట. దిగి చూశాను.’

చదివినట్టు గుర్తులు పడ్డాయి. ఒక్క మాట లేదు. దినకర్ గారు నా భుజం మీదుగా పలకలోకి చూసి నిట్టూర్చాడు. మా ఆయన ఇద్దరికీ టీ ఇచ్చి, "పొద్దున చూద్దాం లెండి, ఇప్పుడు చూసి ఏం లాభం," అన్నాడు. పీడకల దాటొచ్చిన మనిషి కదా, ధైర్యం బాగా పెరిగింది.

పంచమి

పొద్దుట పోటు నిండుగా ఉంది. దినకర్ గారిని రేవు దాటించడానికి పళ్ళాలమ్మ పడవ తీసింది, నేనూ ఎక్కాను. మలుపు దగ్గరికి వచ్చేసరికి నీళ్ళలోకి వంగి చూశాను. ఎటు చూసినా చదునైన నీళ్ళు, ఇసుక జాడే లేదు.

ఆ నీళ్ళ మధ్యలో వెదురు గడ ఉంది. కొనకి ఎర్ర గుడ్డ. ఎదురుగా వస్తున్న పడవలన్నీ దాని కుడి పక్కకి జరిగి, వేగం తగ్గించి, మళ్ళీ దారిలో పడుతున్నాయి. పళ్ళాలమ్మ కూడా చుక్కాని తిప్పింది.

"ఇది నిన్న లేదే," అన్నాడు దినకర్ గారు. "ఎవరు పాతారండీ?"

"ఎవరో పాతారండి," అంది ఆవిడ.

"ఎవరు చెబితే?"

ఆవిడ గడ్డంతో నా వైపు చూపించింది. దినకర్ గారు ఆ గడ వెనక్కి వెళ్ళిపోయేదాకా తల తిప్పి చూశాడు. తరువాత పలక తీసి నా నివేదిక తెరిచాడు. మోత సున్నా అలాగే ఉంచాడు. దాని కింద తన చేత్తో ఇంకో గడి గీసి ‘కదలిక’ అని పేరు పెట్టాడు. అందులో ఏ అంకె వెయ్యాలో తోచక చాలాసేపు తల గోక్కున్నాడు. చివరికి అంకె బదులు ‘సొంత దారి కొనసాగించవలెను, కొలిచే పద్ధతి మార్చవలెను’ అని రాసి ముద్ర కొట్టేశాడు. కొట్టాక, వీపు మీద మూట దింపుకున్నవాడిలా హమ్మయ్య అని కాళ్ళు చాపుకున్నాడు.

ఆయన్ని అవతలి రేవులో దించి తిరిగొచ్చాం. సంగతి చెబితే పళ్ళాలమ్మ ‘ఉంటదాండి మా గూడు’ అని రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ ఉంటుందని చెప్పాను. కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఎండ ఎక్కువగా ఉందంది. ఎండ లేదు, మబ్బుగానే ఉంది.

మధ్యాహ్నం అన్నం తిన్నాను. ఇల్లు ఊగుతూనే ఉంది, కడుపు మాత్రం ఏమీ అనలేదు. మా ఆయన పచ్చడి రెండోసారి వడ్డిస్తుంటే పలక చిన్నగా గుయ్యిమంది. ఉప్పుటేరు గూడు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి, నా పేరు పెట్టి అడిగాడు: ‘వీరవేణిగారండి, మేట మీద ఇప్పుడు నీళ్ళెంతున్నాయి? బరువు పడవ తేవాలి.’

నిన్నటి లోతు నాకు తెలుసు. తిథిని బట్టి ఇప్పటి లోతు ఊహించి చెప్పనూ గలను. చెయ్యి పలక మీదికి వెళ్ళి ఆగింది.

‘చూసి చెబుతాను’ అని రాశాను. చెయ్యి కడుక్కుని, కుచ్చిళ్ళు పైకి దోపుకుని బయల్దేరాను.